వద్దనకూడని పూలు

ఆ రోజు గురువారం కాబట్టి రాగిణి తలంటు పోసుకుంది. అలాగని ఎవరైనా అంటే ఒప్పుకోదు. పూలు కట్టేటప్పుడు శుభ్రంగా ఉండొద్దా అంటుంది. శుభ్రం సరే, కళ్లకి కాటుక ఎందుకు, ఆ కొత్త వంగపండు రంగు కుర్తా ఎందుకు అని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. మొగుడు కౌశిక్ పొద్దున్నే షికాగో రైలెక్కి ఆఫీస్‌కి వెళ్లిపోయాడు. కొడుకు సాత్విక్ ఈ ఏడే అర్బానాలో కాలేజీలో చేరాడు. మిగిలింది వంటగది, అందులో తను, డెవాన్ అవెన్యూ కొట్టు నుంచి వచ్చిన మల్లెమొగ్గల పెట్టె.

నేపర్‌విల్‌లో ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో శుక్రవారం పూజకి పూలు కావాలన్నా, ఆడపిల్లకి పూలజడ కావాలన్నా రాగిణి దగ్గరికే రావాలి. పచ్చ క్రోషే దారం నీళ్లలో తడిపి, ఒక కొస డ్రాయర్ పిడికి ముడేస్తుంది. వాళ్ల అమ్మమ్మ తెనాలిలో కాలి బొటనవేలికి వేసుకునేది. ఇక్కడ ఎత్తు కుర్చీ మీద కూర్చుని ఆ పని చేయడం కుదరదు, డ్రాయర్ పిడే బొటనవేలు. ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు, మెలి, ముడి. ముడి బిగిస్తే కాడ తెగుతుంది, వదిలేస్తే మొగ్గ జారుతుంది. ఆ మధ్య ఎక్కడో ఆగాలి. ఆ ఆగడం ఆమె వేళ్లకి తెలుసు.

బెల్ మోగింది. రాగిణి వెంటనే లేవలేదు. చేతిలో ఉన్న ముడి పూర్తి చేసి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని, అప్పుడు వెళ్లి తలుపు తీసింది.

"అయినయా రాగిణి గారూ?" అన్నాడు జితేందర్, షూస్ విప్పుతూ.

జితేందర్‌ది హన్మకొండ. ఇంటి నుంచే పని చేస్తాడు. తెలుగు అసోసియేషన్‌కి సెక్రటరీ. ఎత్తుగా, నవ్వు మొహంతో, పిక్నిక్‌లో నీళ్ల డబ్బాలు తనే మోస్తూ, ముసలివాళ్లకి కుర్చీలు వేస్తూ తిరిగే మనిషి. ఎదురుపడ్డ ఆడవాళ్లందరినీ అక్కా అనో వదినా అనో పిలుస్తాడు. రాగిణిని మాత్రం రాగిణి గారూ అంటాడు. ఆమె కూడా మిగతా మగవాళ్లందరినీ అన్నయ్యగారూ అంటుంది, ఇతన్ని మాత్రం జితేందర్ గారూ అంటుంది. ఇదేం పెద్ద విషయమా అంటే కాదు. కానీ ఆ పునాది మీద రాగిణి ఏడాదిగా మేడ మీద మేడ కడుతోంది.

"ఇంకొక్క మూర ఉంది. కూర్చోండి, టీ పెడతాను."

"పెట్టుండ్రి. మీ చేతి చాయ్ తాగకుంటే నాకు గురువారం గురువారం లెక్కనే ఉండదు."

చూశారా మరి! ఇలాంటి మాట విన్నాక మనిషి మేడలు కట్టకుండా ఎలా ఉంటుంది? రాగిణి అల్లం కొంచెం ఎక్కువే దంచింది. అతను ఎత్తు కుర్చీలో కూర్చుని, కట్టిన మాలని అరచేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని వాసన చూశాడు. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అతను ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ మౌనం తన కోసమే అనుకునేది రాగిణి. ఇల్లంతా మొగ్గల తడివాసన, అల్లం వాసన. ఆమెకి ప్రాణం హాయిగా ఉంది.

"రాధారాణి గారికి ఈసారి మూర పొడుగ్గా కట్టాను" అంది, పూలు జిప్ సంచిలో పెట్టి ఇస్తూ.

"ఊఁ" అన్నాడతను. వెళ్తూ వెళ్తూ సంచి ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అతను వెళ్లిన కాసేపటికి అతని భార్య రాధారాణి ఫోన్ చేసింది. ఆదివారం వాళ్లమ్మాయి సాన్వికి హాఫ్ శారీ ఫంక్షన్. పూలజడ రాగిణే కుడుతోంది.

"రాగిణీ, నీకొకటి చెప్పడం మర్చిపోయా. జడలో మల్లెలు పెట్టకు, ప్లీజ్. నేను పొద్దుటి నుంచి సాన్వి పక్కనే నిలబడాలి కదా. కార్నేషన్స్, రోజాలు ఎన్నైనా పెట్టు."

"అదేంటి, మల్లెలు లేకుండా పూలజడేంటి?"

"నాకు పడవే. ఒక్క పువ్వున్నా చాలు, తుమ్ములు, ఆ తర్వాత మైగ్రేన్. పెళ్లిలో కూడా నాకు ప్లాస్టిక్ పూలే పెట్టారు. మా ఇంటి గడపలోకి మల్లెపూవు రాదు, నీకు తెలీదూ?"

రాగిణికి తెలీదు. ఫోన్ పెట్టేశాక ఆమె డ్రాయర్ పిడికి వేలాడుతున్న దారం పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ ఇంటి గడప దాటి మల్లెపూవు వెళ్లదు. మరి వారం వారం అతను ఎందుకు కొంటున్నాడు? కొనడానికి వస్తున్నాడు కాదు, రావడానికి కొంటున్నాడు! నలభై నాలుగేళ్ల ఆడది, ఇంటర్మీడియట్ పిల్లలా ఒంటరిగా వంటింట్లో నవ్వుకుంది. తప్పని తెలుసు. రాధారాణి స్నేహితురాలని తెలుసు. తెలిసీ నవ్వుకుంది.

సాయంత్రం కౌశిక్ వచ్చి, "ఏంటి, ఇవాళ కూరలో ఉప్పు రెండుసార్లు వేశావా?" అన్నాడు. "మజ్జిగ పోసుకోండి" అంది రాగిణి, ఏ మాత్రం నొచ్చుకోకుండా.

శుక్రవారం మధ్యాహ్నం ఛాయాదేవి ఇంటికి పూలు ఇవ్వడానికి వెళ్లింది. ఛాయాదేవికి అరవై దాటాయి. కాలనీలో ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడే చూస్తుంది. చారన్నం తినిపిస్తుంది, పద్యాలు చెప్పిస్తుంది, జలుబు చేస్తే వాము కాచి పోస్తుంది. ఆవిడ చెయ్యి పట్టుకునే ఆ కాలనీలో సగం ఉద్యోగాలు నడుస్తున్నాయి. అందుకే ఆవిడ మాటంటే మాటే.

లోపల కార్పెట్ మీద పిల్లలు బొమ్మలతో ఆడుకుంటున్నారు. ఒక మూల దేదీప్య, అయిదేళ్ల పిల్ల, ఒక్కతే కూర్చుని క్రేయాన్లు రంగుల వారీగా పేరుస్తోంది. రష్మి కూతురు. రష్మి హాస్పిటల్లో నర్సు, తెల్లవారకముందే డ్యూటీ ఎక్కుతుంది. మొగుడు శ్రేయాస్ ఉద్యోగం ఎక్కడో జార్జియాలో, అల్ఫారెట్టాలో. వీసా ఆ కంపెనీతో ముడిపడి ఉంది, కదల్లేడు. వీలైనప్పుడు వీకెండ్‌కి వచ్చి పోతుంటాడు.

"ఆ పిల్లకి ఇవాళే ఆఖరు" అంది ఛాయాదేవి గొంతు తగ్గించి. "సోమవారం నుంచి వేరే చోటు చూసుకోమని రష్మికి చెప్పేశాను."

"ఏం ఆంటీ? పిల్ల అల్లరి కూడా చెయ్యదు కదా."

"పిల్లేం చేసింది పాపం. తల్లి సంగతి నీకు తెలీదా? ఊరంతా కోడై కూస్తుంటే! మన జితేందర్ కారు రోజూ మా ఇంటి ఎదురుగా ఆగుతోంది. రష్మి పిల్లని తీసుకెళ్లే టైముకి కరెక్టుగా. ఆ అమ్మాయి టౌన్‌హోమ్ ముందు కూడా ఆగుతోందట. పూలట, పలకరింపులట. శ్రావణ శుక్రవారం అందరి ముందూ అతను పూలిస్తే తీసుకుని తల్లో పెట్టుకుందా లేదా? నా కళ్లతో నేనే చూశాను."

రాగిణికి మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత అయింది.

"పూలా?" అంది.

"మల్లెపూలే తల్లీ. ఆ మాత్రం అర్థం తెలీని చంటిపిల్లా ఆవిడ? నిప్పు లేందే పొగ రాదు."

"మరి జితేందర్ గారికి చెప్పలేకపోయారా, కారు ఆపొద్దని?"

"మగాడికి ఏం చెప్తాం? అసోసియేషన్ మనిషి, రేపు ఆదివారం వాళ్లింట్లో ఫంక్షన్. ముల్లు ఆకు మీద పడ్డా, ఆకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. ఆకే జాగ్రత్తగా ఉండాలి. నా ఇల్లు పదిమంది పిల్లలుండే ఇల్లు, నాకీ గొడవ వద్దు."

మామూలుగా అయితే రాగిణి ఊరుకునే మనిషి కాదు. ఇదేం న్యాయం ఆంటీ అని నిలదీసేది. ఆ రోజు ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, "అవును, ఎవరి జాగ్రత్తలో వాళ్లుండాలి" అని ఒక మాట కూడా కలిపింది. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు దానికో రుచి ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రుచి ఆమెకి బాగుంది.

ఇంటికి వెళ్లాల్సిన కారు రష్మి ఉండే వీధిలోకి తిరిగింది. టౌన్‌హోముల వరస, ప్రతి వాకిట్లో ఒక మేపుల్ చెట్టు. ఆకులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. రష్మి గుమ్మం ముందు చెట్టు మొదట్లో నల్లగా ఏదో కుప్ప కనిపించింది. రాగిణి కారు దిగింది. ఎండి, కుళ్లి, వానకి నాని నల్లబడిన మల్లెమూరలు, ఒకదాని మీద ఒకటి. పూలు గుర్తుపట్టేలా లేవు. వాటి మధ్య పచ్చదారం మాత్రం రంగు చెడకుండా మెరుస్తోంది. రెండు ఇటు, రెండు అటు, మెలి, ముడి. ఆమె ముడే. అన్నిటికన్నా పైన నిన్నటి మూర, పొడుగ్గా కట్టానని చెప్పుకున్నది, మొగ్గలు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు.

నా టీ తాగి, నా కుర్చీలో కూర్చుని, నేను కట్టిన పూలు పట్టుకుని అతను వచ్చింది ఇక్కడికా! రాగిణికి ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. చిత్రమేమిటంటే ఆ కోపం జితేందర్ మీద కాదు, రష్మి మీద. ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల, కనీసం పూలకి విలువ కూడా తెలీదు, ఇలా మట్టిలో పడేసింది. తను అయితేనా!

శనివారం పూలజడ పని. నల్ల వెల్వెట్ గుడ్డ జడ పొడవునా కత్తిరించి, బల్ల మీద పరిచి, సూదితో ఒక్కొక్క పువ్వూ కుడుతోంది రాగిణి. అంచులకి తెల్ల చామంతి, లోపల నారింజ రంగు కార్నేషన్ రేకలు కనకాంబరాల్లాగా మడిచి వరసలు, మధ్యలో రోజా మొగ్గలు. పైన జడ మొదట్లో రాగిడి, కింద జడకుప్పెలు. కుడుతున్నంతసేపూ సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆమెకి అలా జరగదు.

బెల్ మోగింది. తలుపు తీస్తే రష్మి. హాస్పిటల్ నీలం బట్టలు ఇంకా మార్చుకోలేదు, కళ్ల కింద నలుపు. వెనక దేదీప్య.

"అక్కా, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

వద్దనలేక రమ్మంది. దేదీప్య బల్ల దగ్గరికి వెళ్లి జడ చూసి, "వావ్! ఆంటీ, ఇది రియల్ ఫ్లవర్సా? టచ్ చెయ్యొచ్చా?" అంది.

"చూడు, ముట్టుకోకు" అంది రాగిణి. కొంచెం కటువుగానే అంది. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"పూలు కట్టేది మీరే అని నిన్ననే తెలిసింది అక్కా" అంది రష్మి. "దయచేసి ఆ జితేందర్‌కి ఇవ్వడం మానెయ్యండి. ప్రతి గురువారం తలుపుకి తగిలించి పోతున్నాడు. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు, పూలు కదా. చెట్టు మొదట్లో పెడుతున్నా."

"నేను పూలు కట్టి అమ్ముతాను. ఎవరు ఎవరికి ఇచ్చుకుంటారో నాకెందుకు?" అంది రాగిణి. "అయినా మొదటిసారి నువ్వు పెట్టుకున్నావు కదా."

రష్మి మొహం వాడిపోయింది. "వరలక్ష్మీ వ్రతం రోజు కదా అక్కా. ఛాయాదేవి ఆంటీ ఇంట్లో పేరంటానికి వచ్చిన వాళ్లందరి మధ్యా 'రాధారాణి పంపింది మీకు' అని చేతిలో పెట్టాడు. పసుపు, కుంకుమ, పూలు ఇస్తే వద్దనకూడదని చిన్నప్పటి నుంచి మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. మీరైతే వద్దనేవారా? తల్లో పెట్టుకున్నా. అదే నేను చేసిన తప్పు. దాన్ని పట్టుకునే ఇతను... ఒక్కసారి ఇది చూడండి."

ఫోన్ చేతికిచ్చింది. తలుపు బెల్‌లో ఉన్న కెమెరా తీసిన వీడియో. జితేందర్ మెట్లెక్కి వచ్చాడు. తలుపు పిడికి జిప్ సంచి తగిలించాడు. వెళ్లలేదు. తలుపు మీద అరచెయ్యి ఆనించి, నుదురు కూడా ఆనించి నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. నవ్వు మొహం లేదు. పిక్నిక్‌లో నీళ్ల డబ్బాలు మోసే మనిషి కాడు. ఆ మొహంలో ఎంత ఆకలి ఉందంటే, రాగిణి ఫోన్ కొంచెం దూరంగా పట్టుకుంది. భయమేసింది. ఆ భయం కింద ఇంకోటి కూడా ఉంది. ఆ ఆకలి ఆమెకి పరిచయమైనదే. గురువారం పొద్దున తల దువ్వుకునేటప్పుడు అద్దంలో కనిపించేది అదే.

"ఇది ఛాయాదేవి ఆంటీకి చూపించావా?"

"చూపించా. నేను తలుపు కూడా తియ్యలేదు ఆంటీ అన్నా. 'తీస్తావన్న ఆశ అతనికి ఎలా కలిగిందమ్మా' అన్నారు." రష్మి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "శ్రేయాస్‌కి చెప్తే పోలీసులూ అవీ వద్దు, ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చెయ్ అంటాడు. నేనెందుకు మానాలక్కా? ఐసీయూలో ఉద్యోగం రావడానికి ఎంత కష్టపడ్డానో. తెల్లవారకముందే పిల్లని తీసుకునే డేకేర్ ఇంకెక్కడా లేదు. సోమవారం నుంచి దీన్ని ఎక్కడ పెట్టాలో తెలీడం లేదు. మీరొక్క మాట చెప్తే వింటారు. మీరు వాళ్లలో మనిషి."

"నాకు జడ పూర్తి చెయ్యాలి రష్మీ" అంది రాగిణి. ఆ అమ్మాయి లేచింది. వెళ్తూ వెళ్తూ పిల్ల వెనక్కి తిరిగి, "నేను టచ్ చెయ్యలేదు ఆంటీ" అంది.

వాళ్లు వెళ్లాక రాగిణి సూది పట్టుకుంది గానీ కుట్టు పడలేదు. రష్మికి పూల విలువ తెలీదనుకుంది తను. ఆ అమ్మాయేమో చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది రాగిణి. అయినా రేపు నోరు విప్పితే ఏమవుతుంది? రాధారాణి స్నేహం పోతుంది. అతను ఇక రాడు. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధ పెడుతోందో తనకి బాగా తెలుసు, అదే సిగ్గుగా ఉంది.

ఆదివారం బాంక్వెట్ హాలు గుమ్మంలో పెద్ద సందడి. నాదస్వరం స్పీకర్లలో వస్తోంది. పిల్లలు పట్టు లంగాలు ఎత్తి పట్టుకుని పరిగెడుతున్నారు. సాన్వి జడ చూసి వచ్చినవాళ్లంతా అబ్బ అబ్బ అంటున్నారు. "ఇట్స్ సో హెవీ, నా నెక్ ఊడిపోయేలా ఉంది ఆంటీ" అని సాన్వి మాత్రం మొత్తుకుంటోంది.

గుమ్మం దగ్గర వచ్చిన ఆడవాళ్లకి ఛాయాదేవి బొట్టు పెడుతుంటే, పక్కన రాగిణి పళ్లెంలోంచి మల్లెమూర ముక్కలు ఇస్తోంది. వచ్చినవాళ్లకి మల్లెలు ఇవ్వక తప్పదు కాబట్టి రాధారాణి ఆ పళ్లేనికి దూరంగా, లోపలి తలుపు దగ్గర నిలబడి అందర్నీ ఆహ్వానిస్తోంది. ముక్కు దగ్గర పట్టు రుమాలు. జితేందర్ తెల్ల షేర్వాణీలో పార్కింగ్ నుంచి పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు.

రష్మి వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. ముదురాకుపచ్చ చీర కట్టుకుని, దేదీప్య చెయ్యి పట్టుకుని, తల కొంచెం ఎత్తి వచ్చింది. కావాలనే వచ్చినట్టుంది. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా. గుమ్మంలో మాటలు ఆగిపోయాయి. ఛాయాదేవి కుంకుమ భరిణె మూత సరిచేసుకోవడంలో పడిపోయింది.

అప్పుడు జితేందర్ ఎక్కడి నుంచి వచ్చాడో వచ్చాడు. రాగిణి భుజం పక్కనుంచి చెయ్యి చాపి, పళ్లెంలోంచి ఒక మూర తీశాడు. రాగిణి అక్కడ ఉన్నట్టే అతనికి తెలీదు. ఆ మూర అరచేతిలో పెట్టి రష్మి ముందు పట్టాడు.

"తీస్కోండి రష్మి గారూ. శుభకార్యంల పూలు వద్దనొద్దు."

రష్మి గారూ. రాగిణి ఆ 'గారూ' విన్నది. తన పేరు చివర ఏడాదిగా విన్న 'గారూ' కాదది. అది ఉత్త మర్యాద. ఇది వేరు. ఇది వణుకుతోంది.

రష్మి కదల్లేదు. తీసుకుంటే అందరూ అనుకున్నదే నిజమవుతుంది. వద్దంటే ఆడపిల్ల శుభకార్యంలో పూలు తోసేసిన మనిషవుతుంది. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆమె చెయ్యి సగం లేచింది, అక్కడే ఆగింది. దేదీప్య తల్లి మొహం వంక, అతని చెయ్యి వంక మార్చి మార్చి చూస్తోంది.

"ఆ పూలు ఇటివ్వండి అన్నయ్యగారూ" అంది రాగిణి.

ఆ పిలుపు ఆమె నోట అతని విషయంలో మొదటిసారి వచ్చింది. చెయ్యి చాపింది.

జితేందర్ నవ్వాడు. "మీకు పళ్లెం నిండ ఉన్నయి కద రాగిణి గారూ."

"ఆ అమ్మాయికి వద్దు. వారం వారం మా ఇంట్లో మీరు కొన్న పూలన్నీ వాళ్ల వాకిట్లో చెట్టు కింద ఎండిపోయి ఉన్నాయి. శుక్రవారం చూశాను. ఒక్కటీ పెట్టుకోలేదు. నా దారం నేను గుర్తుపట్టలేనా అన్నయ్యగారూ?"

ఆమె గట్టిగా అనలేదు. కానీ ఆ గుమ్మంలో ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి అందరికీ వినిపించింది. జితేందర్ నవ్వు అలాగే ఉండిపోయింది, మొహం మాత్రం దాని కిందనుంచి జారిపోయింది. అప్పుడు కూడా అతను చూస్తున్నది రష్మినే. ఇంత మాట అన్న మనిషి వంక, ఇన్నాళ్లు టీ పెట్టిన మనిషి వంక, కోపంగా అయినా ఒక్కసారి చూడలేదు. రాగిణి అతని అరచేతిలోంచి పూలు తీసి పళ్లెంలో పెట్టేసింది.

"ఏం పూలు?" అంది రాధారాణి లోపలి తలుపు దగ్గర నుంచి. "రాగిణీ, ఎవరు కొన్న పూలు?"

"శ్రావణమాసంలో ఈ అమ్మాయికి నువ్వు పంపావని ఇచ్చింది కూడా మల్లెపూలే రాధారాణీ" అంది రాగిణి.

రాధారాణి రుమాలు ముక్కు మీద నుంచి దించింది. మొగుడి వంక చూసింది. లోపల ఎవరో "హారతికి టైమ్ అవుతోంది" అని పిలిస్తే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. జితేందర్ పార్కింగ్ వైపు నడిచాడు. అక్కడ అప్పటికి దిగేవాళ్లెవరూ లేరు.

ఛాయాదేవి ఇంకా భరిణె మూత తిప్పుతూనే ఉంది.

"ఆంటీ" అంది రాగిణి. "మీ ఇంటి ముందు ఆ కారు మళ్లీ ఆగితే నాకు ఫోన్ చెయ్యండి. వచ్చి అడుగుతాను. ఈసారి ముల్లునే అడుగుదాం. ఆకుకి చెప్పింది చాలు."

ఛాయాదేవి తప్పొప్పుకునే రకం కాదు. ఉంగరం వేలితో కుంకుమ తీసి రష్మి నుదుట పెట్టింది. వంగి పిల్లకి కూడా చిన్న చుక్క పెట్టింది. "రేపు దీనికి జాకెట్ వేసి తీసుకురా. పొద్దున్నే చలిగా ఉంటోంది" అంది, చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. రష్మి తల ఊపింది. కళ్లనిండా నీళ్లున్నాయి, పడనివ్వలేదు.

మళ్లీ గురువారం వచ్చింది. డెవాన్ నుంచి పెట్టె వచ్చింది. రాగిణి దారం తడిపి పిడికి ముడేసి కూర్చుంది. రెండు ఇటు, రెండు అటు. కాసేపయ్యాక స్టవ్ పక్కన మెరిసే స్టీలు డబ్బాలో తన మొహం కనిపించింది. కాటుక పెట్టుకుంది. తలంటు పోసుకుంది. ఎప్పుడు పోసుకుందో, ఎందుకు పోసుకుందో కూడా గుర్తులేదు. అందరి ముందూ అన్నయ్యగారూ అని కంచె వేసి వచ్చింది గానీ, కంచె వేసింది అతనికి. తనకి ఎవరు వేస్తారు? రాగిణికి తన మీద తనకే జాలేసింది.

బెల్ మోగింది. ఈసారి ముడి పూర్తి చెయ్యకుండానే లేచింది.

గుమ్మంలో రాధారాణి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఈ వారంలో మనిషి చిక్కిపోయింది.

"రావొచ్చా?"

"లోపల పూలున్నాయి రాధారాణీ, నీకు పడదు..."

"పడకపోతే తుమ్ముతాను" అంటూ వచ్చేసింది. వంటగదిలో నాలుగు వైపులా చూసింది. డ్రాయర్ పిడికి కట్టిన దారం చూసింది. మొగ్గల పెట్టె చూసింది. "ఆయన ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగింది.

రాగిణి ఎత్తు కుర్చీ చూపించింది. అబద్ధం చెప్పొచ్చు, గుమ్మంలోంచే పూలు తీసుకుని పోయేవారని అనొచ్చు. నోరు రాలేదు.

"ఎంతసేపు?"

"టీ తాగేంతసేపు."

"టీ నువ్వే పెట్టేదానివా?"

"నేనే."

రాధారాణి అప్పుడు చూసింది. రాగిణి తలంటుకున్న జుట్టుని, కాటుకని, కుర్తాని, ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా చూసింది. రాగిణి మొహం తిప్పుకోలేదు. దాక్కోవడానికి ఆ వంటగదిలో చోటు లేదు, ఉన్నా ఇక దాక్కోబుద్ధి కాలేదు. రాధారాణికి అర్థమైందని ఆమెకి తెలిసింది. ఆమెకి తెలిసిందని రాధారాణికీ తెలిసింది.

తుమ్మొచ్చింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. రాగిణి చటుక్కున పెట్టె ఎత్తుకుని, కట్టిన మాలలు, కట్టని మొగ్గలు అన్నీ అందులో పడేసి, వెనక తలుపు తీసి బయట డెక్ మీద పెట్టింది. చలికి మొగ్గలు కమిలిపోతాయి. పోతే పోనీ అనుకుంది. కిటికీలు కూడా తెరిచింది.

తిరిగి వచ్చేసరికి రాధారాణి ఆ ఎత్తు కుర్చీలోనే కూర్చుని ఉంది. రుమాలు మడిచి బల్ల మీద పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మల్లెల వల్లో కాదో రాగిణి అడగలేదు.

"నాకూ పెట్టు" అంది రాధారాణి. "టీ."

రాగిణి గిన్నె స్టవ్ మీద పెట్టి, అల్లం కోసం చెయ్యి చాపింది.